మారెమ్మను మోసుకొచ్చిన ఉపదేశి

ఊరు దాటించిన మారెమ్మను తిరిగి ఊళ్లోకి మోసుకొచ్చిన క్రైస్తవ ఉపదేశి ఈ భూమ్మీద ఎవడైనా ఉన్నాడా అంటే ఉన్నాడు, ఆ మహానుభావుణ్ణి నేనే. దారిన పోయే తద్దినాన్ని కొని తెచ్చుకున్నవాళ్లను మీరు చూసి ఉంటారు. నేను దారిన పోయే దేవతనే నెత్తిన పెట్టుకొచ్చాను. నా మంచితనానికి ఒక ముసలమ్మ ప్రాణం పోవలసిందే, ఎలాగో నిలిచింది. నవ్వుకోండి, పరవాలేదు, మా ఇంట్లోవాళ్లు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

అప్పుడు తెల్లదొరల రాజ్యం. కర్నూల్లో మిషను బడి చదువు ముగించి, పత్తికొండ అవతలి పల్లెలకు కొత్తగా వచ్చాను. ఉపదేశి అంటే పాస్టరు అయ్యగారి కింద పల్లెల్లో వాక్యం చెప్పి, పిల్లలకు అక్షరాలు దిద్దించేవాడు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, లోకాన్ని రేపటికల్లా బాగుచేసెయ్యాలన్న ఆత్రం, ఇవే నా ఆస్తి. పల్లెల ఆచారాలు తెలుసా అంటే తెలియవు. తెలియవన్న సంగతి కూడా తెలియదు.

ఆ వేసవిలో ఒక ఊరికి కలరా తగిలింది. ఊరవతలి పాలెంలోని మా క్రైస్తవులంతా ఇళ్లు విడిచి చేలల్లో గుడిసెలు వేసుకున్నారనీ, శాంతమ్మ అనే దిక్కులేని ముసలమ్మ మాత్రం లేవలేక ఇంట్లోనే పడి ఉందనీ కబురొచ్చింది. అయ్యగారు నా చేతిలో ఉప్పు పొట్లం పెట్టారు.

"నీళ్లు బాగా కాచి, ఉప్పేసి, గుక్కగుక్కగా తాపిస్తా ఉండు. ఆ నీళ్లే ఆయమ్మ ప్రాణం. సొంత తెలివి మాత్రం వాడొద్దు నాయనా."

చివరిమాట నేను చెవిన పెట్టలేదు.

పొలిమేర చేరేసరికి మిట్టమధ్యాహ్నం. నల్లరేగడి నెర్రెలిచ్చి ఉంది. గాలి లేదు, పిట్ట కూత లేదు. దారి మధ్యలో కొత్త చేట. అందులో పసుపు పూసిన కుండ, కుండ నిండా పెరుగన్నం, చుట్టూ వేపమండలు, మండలకు తొడిగిన ఆకుపచ్చ గాజులు. ఆ ఎండలో మూకుట్లో దీపం వెలుగుతోంది. ఎదురుగా రాళ్లమీద వరసగా కూచున్న కాకులు అన్నం వైపే చూస్తున్నాయి గాని ఒక్కటీ కిందికి దిగడం లేదు.

నా ఒళ్లు జలదరించింది. బుద్ధి ఉన్నవాడికి ఆ జలదరింపు చాలు. నాకు మాత్రం కళ్లు చెమర్చాయి. రోగులున్న ఊళ్లోకి రావడానికి జంకి, ఎవరో దయగలవాళ్లు అన్నం వండి ఇక్కడ పెట్టిపోయారనుకున్నాను. మరి పట్టపగలు దీపమెందుకు? మర్యాదకు. గాజులెందుకు? ఏ తల్లో బీదవాళ్లకు ఇచ్చి ఉంటుంది. మంచితనం తలకెక్కితే ఏ ప్రశ్నకైనా జవాబు దొరుకుతుందండీ. దీపం ఊదేసి చేటను నెత్తికెత్తుకున్నాను.

నాలుగడుగులు వేశానో లేదో వెనక చప్పుడు. నేను నడిస్తే నడుస్తోంది, ఆగితే ఆగుతోంది. తిరిగి చూస్తే నల్లకోడి. ఒళ్లంతా పసుపు, తలమీద కుంకుమ. నా మొహంలోకే చూస్తోంది. "హుష్" అన్నాను. అది కదల్లేదు, నేనే కదిలాను.

ఊరివీధిలో మనిషి లేడు. కానీ నేను పోయేకొద్దీ నాకు ముందే తలుపులు మూసుకుంటున్నాయి, చప్పుడు లేకుండా, ఒకదాని వెనక ఒకటి. ఒక కుక్క మొరగబోయి, మానుకుని, అరుగు కిందికి పాకింది. ఎక్కడో లోపల ఆడమనిషి ఏడుపు మొదలై, ఎవరో నోరు నొక్కినట్టు ఆగిపోయింది. పాపం రోగి కాబోలు అనుకుని జాలిపడ్డాను.

శాంతమ్మ ఎండిన చింతబరికెలా మంచానికి అతుక్కుపోయి ఉంది. నా చేటను చూసి ఆమె కళ్లు కొంచెం పెద్దవయ్యాయి.

"యాడిది నాయనా అది?"

"పొలిమేరలో ఉండింది అవ్వా. ఎవరో పుణ్యాత్ములు మీకోసం పెట్టిపోయినారు."

"మాకోసం కాదప్పా. రోగం పోవాలని పొద్దున మారెమ్మను ఊరు దాటించి, ఆయమ్మకు పెట్టిన కూడు అది. దాన్ని ఎవరు ముట్టుకుంటే వాళ్లెంబడి అమ్మ ఊళ్లోకి తిరిగొస్తాదంటారు. నిన్ను ఎవరన్నా చూసినారా?"

"అందరూ చూసి తలుపులు మూసుకున్నారు."

అప్పుడే గడప మీదికి కోడి వచ్చి నిలబడింది.

"కోడిని గూడా తెచ్చినావా," అంటూ ఆ స్థితిలోనూ నవ్వింది. "నవ్వే ఓపిక ల్యాదప్పా, నన్ను నవ్వియ్యొద్దు. రవ్వన్ని నీళ్లియ్యి."

ఇంట్లో కుండ వట్టిది. పాలెంవాళ్లు నీళ్లు తెచ్చుకునే వంక ఎండిపోయింది. ఆ రోజుల్లో ఊరిబావిని పాలెంవాళ్లు ముట్టుకోకూడదు, ఎవరైనా చేది పోస్తే పట్టుకోవాలి. నేనూ పాలెం బిడ్డనే. చొక్కా తెల్లగా ఉన్నంత మాత్రాన బావి ఒప్పుకోదు. బిందె పట్టుకుని ఊరి పెత్తందారు పెద్దరెడ్డి వాకిట్లో నిలబడి పిలిచాను. తలుపు తెరుచుకోలేదు, సందులోంచి గొంతు ఒక్కటే వచ్చింది.

"ఏమప్పా ఉపదేశీ, మేమేం పాపం చేసినామని అమ్మను మళ్లా తెచ్చినావు?"

"తెలీక తెచ్చినానయ్యా. ముసలమ్మ సావుబతుకుల్లో ఉండాది. ఒక్క బిందెడు నీళ్లు పోయించండి."

"అమ్మ ఊళ్లో తిరుగుతాంటే తలుపెట్ల తీసేది? యాడ ఎత్తుకున్యావో ఆడ్నే దించిరా."

"నేను క్రైస్తవుణ్ణి. ఇవన్నీ నమ్మనయ్యా."



"నువ్వు నమ్మకుంటే ఏమప్పా, ఆయమ్మ నిన్ను నమ్మి వచ్చె గదా."

వట్టి బిందె చంకనెత్తుకున్నాను. తిరిగొచ్చి మంచం పక్కన కూలబడ్డాను.

"అవ్వా, ఆ కుండ మోస్తే నా విశ్వాసమేం కావాల?"

"తెచ్చేటప్పుడు దానికేం కాల్యా గదా," అంది, అతుక్కుపోతున్న పెదవులు విడదీసుకుంటూ. "దేవునితో నేను చెప్పుకుంటాలే. బిరీన పో."

ఆ గొంతు అప్పటికే చాలా దూరం నుంచి వస్తోంది. నాకు భయమేసింది, మారెమ్మకు కాదు, ఆ గొంతుకు. దీపం మళ్లీ వెలిగించి చేట ఎత్తుకున్నాను.

"ఉత్తగా పోదప్పా అమ్మ. పాట పాడాల," అంది, వాకిలి ముందు పోతుంటే రెడ్డిగారి తలుపు సందు. "దించినాక తిరిగి చూడొద్దు."

మారెమ్మ పాటలు నాకెక్కడివి? ఆదివారం ఆరాధనలో పాడే కీర్తన ఎత్తుకున్నాను. రాగం ఎటో పోయింది. కోడి వెనకే వచ్చింది. మూసిన తలుపుల మధ్య నేను, కోడి, కీర్తన. చేట దించి వెనక్కి తిరిగి నడుస్తుంటే గాజులు గలగలమన్నాయి. గాలి అనుకుందామంటే ఆ రోజు ఆకు కదలలేదు. కోడి పనే అని ఇన్నేళ్లుగా నాకు నేనే చెప్పుకుంటున్నాను. తిరిగి మాత్రం చూడలేదు, విశ్వాసం వల్ల కాదు, మెడ పట్టేసింది.

బిందె తెచ్చుకుని బావి దగ్గరికి పోతే రెడ్డి భార్య చేంతాడుతో నిలబడి ఉంది. బిందె నింపి, "గంజి నేనంపిస్తాలే," అంది. నీళ్లు కాచి, ఉప్పేసి, ఆ రోజూ మర్నాడూ గుక్కగుక్కగా తాగించాను. శాంతమ్మ లేచి కూచుని "ఆ కోడి ఏమాయ?" అని అడిగినప్పుడు, ఇంటి వెనక్కి పోయి చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

మరుసటి వేసవిలో పెద్దరెడ్డి, ఊరివాళ్లు నలుగురు వక్కాకు పట్టుకుని అయ్యగారి వరండాలోకి వచ్చారు.

"మీ ఉపదేశిని ఒక్కపూట మా ఊరికి అంపించాలయ్యా."

అయ్యగారి మొహం వెలిగిపోయింది. "వాక్యం వినడానికా?"

"కాదయ్యా. పక్కూళ్లో అమ్మ తగిలింది. మేము సాగనంపితే ఏటేటా తిరిగొస్తాండె. ఈయప్ప పంపినాక అమ్మ మళ్లా మా పొలిమేర తొక్కల్యా. ఈసారీ ఈయప్పే మోయాల. ఆ పాటే పాడాల."

అయ్యగారు కుర్చీ నావైపు తిప్పుకున్నారు.

"ఇంతకీ నువ్వు ఎవరి సేవలో ఉండావు నాయనా?"

అక్కడికక్కడే కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేశాను: ఇకమీదట ఏ ఊళ్లో ఎవరికి మేలు చేయాలన్నా, ముందు ఆ ఊరివాణ్ణి ఒకణ్ణయినా అడిగే చేస్తాను. అడగకుండా పొంగుకొచ్చిన జాలిని కాళ్లూ చేతులూ కట్టి మూల కూచోబెడతాను. తథాస్తు అనకండి, ఆమెన్ అనండి. నా పేరు ఇప్పటికే రెండు పక్కలా చెడి ఉంది.