మందుల డబ్బా కిటికీ

నా చిన్నప్పుడు బడులు తెరిచే రోజుల్లో లింగంపల్లిలో మా వీధి పిల్లలందరి పుస్తకాలకూ ఖాకీరంగు అట్టలే ఉండేవి, మా ఇంట్లో తప్ప. మా నాన్న ఒక ప్రెస్సులో అచ్చు మెషీన్ నడిపేవారు. రంగు కుదిరిందో లేదో చూడడానికి అక్కడ పాత కాగితాలనే మళ్లీ మళ్లీ మెషీన్లోకి పంపేవారు. క్యాలెండరు గళ్ల మీద శుభలేఖల గుండ్రాలు, వాటి మీద ఏవో డబ్బాల త్రికోణాలు, ఎరుపు మీద పసుపు, పసుపు మీద నీలం. ఇక పనికిరావనుకున్న కాగితాలను నాన్న చుట్ట చుట్టి ఇంటికి తెచ్చేవారు, మా పుస్తకాల కోసం.

నాలుగో తరగతిలో చేరిన ఏడాది ఆ చుట్ట విప్పగానే నాకు ఒళ్లు మండింది.

"ఈ చెత్త నాకొద్దు. బళ్లో అందరూ నవ్వుతారు" అన్నాను.

నాన్న ఆ కాగితాలు బీరువా పక్కన పెట్టి చేతులు కడుక్కోవడానికి వెళ్లారు. ఆ చేతుల రంగు ఎంత కడిగినా పూర్తిగా పోదని ఇంట్లో అందరికీ తెలుసు. అయినా ఆయన చాలాసేపు కడుక్కున్నారు.

నోరు జారానని అర్థమైంది గానీ, వెళ్లి చెప్పడానికి మొహం చెల్లలేదు. చుట్ట చంకన పెట్టుకుని పక్కింటి అక్క దగ్గరికి వెళ్లి ఏడ్చాను. ఆమె నర్సు. ఆదివారం కావడంతో అప్పుడే చర్చి నుంచి వచ్చింది.

"ఏడ్సుడు బంద్ జెయ్. గింత పెద్ద కాయితం ఒక్కపారే చూస్తే ఎవలైనా పరేషానే అయితరు" అంటూ ఖాళీ మందుల డబ్బా చింపి, ఆ అట్ట మధ్యలో అగ్గిపెట్టెంత కిటికీ కోసింది. "దీన్ని మెల్లగ జరుపుకుంట పో. ఏడ మంచిగనిపిస్తే ఆడ ఆపు."

"అది ఏం బొమ్మో ఎట్లా తెలుస్తుందక్కా?"

"బొమ్మనే ఉండాల్నా ఏంది? నీ కండ్లకు నచ్చిందా లేదా, గంతే."

జరుపుతూ జరుపుతూ ఒకచోట నా చెయ్యి ఆగిపోయింది. సగం ఎర్రటి గుండ్రం ఒక నీలం త్రికోణం భుజం మీద వాలి ఉంది. రెండూ కలిసినచోట నేరేడుపండు రంగు. చుట్టూ ఉత్త తెలుపు. వేలెడు పక్కకు జరిపితే ఆ అందం పోతోంది, వెనక్కి తెస్తే వస్తోంది. అది ఏ బొమ్మా కాదు. అయినా కళ్లు తిప్పుకోలేకపోయాను.

పరుగున ఇంటికి వెళ్లి నాన్న ముందు కాగితం పరిచి, దాని మీద కిటికీ అట్ట పెట్టాను.

"నాన్నా, ఇది నా తెలుగు పుస్తకానికి వెయ్యవా?"

ఆయన కిటికీలోంచి చాలాసేపు చూశారు. "ఇది మేం పక్కన పడేసిన కాగితమేనా అమ్మలూ?" అన్నారు. ఆ తర్వాత తనే అట్టను జరుపుతూ కూర్చున్నారు. అన్నం చల్లారిపోతోందని అమ్మ రెండుసార్లు పిలిచినా లేవలేదు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

బళ్లో ఇద్దరు ముగ్గురు నవ్వారు. నవ్వితే నవ్వారు.

ఇప్పుడు నేనుండేది పుప్పాలగూడలో. ఆ కిటికీ అట్ట ఇంకా నా చేతిసంచిలోనే ఉంది. మెట్రో ఎక్కితే బయటికి తీస్తాను. అద్దాల మేడల నీలంలో ఒక చదరం, దానికి అడ్డంగా క్రేను పసుపు గీత. "అమ్మమ్మా, అందరూ చూస్తున్నారు" అని మనవరాలు గొణుగుతుంది. చూడనీ.

అట్ట అంచున ఆ రోజు పడిన నాన్న బొటనవేలి నీలి ముద్ర చెరగలేదు. ఏది చూడాలన్నా నా వేలు దాని మీద ఆనించే చూస్తాను.