దొడ్డబెట్ట మీద హాజరు

పోయిన శనివారం పొద్దున్నే బెంగళూరు బొమ్మనహళ్ళిలో మా అపార్టుమెంటు గేటు ముందు, ఊటీకి పోయే మినీబస్సులో కూచున్నాం, నేనూ మా ఆవిడా, మా బ్లాకుల్లోని ముసలీ ముతకా అందరమూనూ. ప్రయాణం ఏర్పాటు చేసిన అమ్మాయి ఫోనులో చూసుకుంటూ పేర్లు పిలుస్తోంది. నా పేరు రాగానే ఉన్నానమ్మా అన్నాను. అని ఊరుకుంటే ఏ గొడవా ఉండేది కాదు. ఆ వెంటనే, ఇంకెవరి పేరూ పిలవకముందే, నా నోరు దానంతటదే "ఉండాడు!" అని గట్టిగా అరిచింది. ఎవరంకుల్ అంటూ ఆ అమ్మాయి నవ్వింది. మా ఆవిడ మాత్రం నవ్వలేదు. కిటికీ వైపునుంచి తల తిప్పి, ఎవురుండాడు అని నన్నడిగింది.

నలభై ఏళ్ళు ఊటీ పేరెత్తకుండా తప్పించుకు తిరిగినవాణ్ణి నేను. పిల్లలు ఎన్నిసార్లు పోదామన్నా నడుం నొప్పనో, వానలనో ఏదో ఒక వంక చెప్పాను. ఈసారి ఆవిడే మా ఇద్దరి పేర్లూ రాయించి వచ్చింది. నా తమ్ముడు కడసారి తిరిగిన కొండను చూడకుండానే పోతానా అంటే ఏమని కాదనేది?

మీలో పీణ్య కార్ఖానాల్లో పనిచేసినవాళ్ళుంటే నేను చెప్పబోయేది వెంటనే అర్థమవుతుంది. పొద్దున ఎనిమిదింటికి మా లేతు షాపులో మేస్త్రీ హాజరు పుస్తకం పట్టుకుని నంబర్లు పిలిచేవాడు. నాది పదిహేడు, మా బామ్మర్దిది పద్ధెనిమిది. ఆవిడకు ఒక్కగానొక్క తమ్ముడని నేనే తీసుకుపోయి అక్కడ చేర్పించాను. మంచి పనిమంతుడే గానీ, దారిలో కోతులాట కనిపించినా, ఇద్దరు పోట్లాడుకుంటున్నా, చూసి గానీ కదలడు. అందుకని పద్ధెనిమిది అనగానే తలెత్తకుండా నేనే "ఉండాడు" అనేసేవాణ్ణి. కాసేపటికి వాడు వెనక తలుపులోంచి దూరి, ఏమీ ఎరగనట్టు మిషను ముందు నిలబడేవాడు. మేస్త్రీకీ తెలుసు ఈ సంగతి. అది మోసమని మాకెప్పుడూ తోచలేదు. ఒకడి బిడ్డకు జ్వరం, ఒకడి సైకిలు పంచరు, ఒకరికోసం ఒకరం ఆ మాట అనుకునేవాళ్ళం, అంతే.

ఏటా ఆయుధపూజ అయిన వారంలో షాపు వాళ్ళందరినీ బస్సులో ఏదో ఒక ఊరు చూపించడానికి తీసుకుపోయేవారు. ఆ ఏడు ఊటీ. మా ఆవిడ తమ్ముడి మెడకు ఉన్ని మఫ్లరు తన చేత్తోనే చుట్టి, "వానికి ఉబ్బసం ఉండాది, చలిలో తిరగనీయొద్దు, నీ పక్కనే పెట్టుకో" అని నాచేత ఒట్టు వేయించుకుంది. సరేలేమ్మా, వాడేమన్నా చంటిపిల్లాడా అని నేను నవ్వాను.

ఊటీ పక్కనున్న ఎత్తు కొండ దొడ్డబెట్ట మీదికి చేరేసరికి సాయంకాలమైంది. అబ్బబ్బా, అప్పటి పొగమంచు ఏం చెప్పను, చూస్తూండగానే వచ్చి పక్కవాడి మొహం కూడా కనబడనివ్వలేదు. అందరం బస్సులోకి పరిగెత్తాం. మా మేస్త్రీ షికారుకు కూడా ఆ హాజరు పుస్తకమే వెంట తెచ్చుకున్న మహానుభావుడు. పదిహేడు అన్నాడు, ఉండా అన్నాను. పద్ధెనిమిది అన్నాడు, ఉండాడు అన్నాను. నా చేతిలో పేకముక్కలున్నాయి, నేను తలెత్తి చూడలేదు. బస్సు కదిలింది.

లాడ్జిలో భోజనాల దగ్గర గానీ వాడు లేడని తెలియలేదు. ఆ మంచులో మళ్ళీ కొండ ఎక్కనని డ్రైవరు మొండికేశాడు. తెల్లారాక వాడే క్యారెట్ల లారీ ఎక్కి దిగివచ్చాడు, మఫ్లరు తడిసి ముద్దయి, పెదాలు నల్లబడి. నన్ను చూడగానే, "ఏం బావా, హాజరు వేయించినావా?" అని పకపకా నవ్వాడు, నవ్వుతూనే దగ్గాడు. జేబులోంచి నీలగిరి తైలం సీసా తీసి, అక్క తలనొప్పికని ఇది కొంటూ వెనకబడిపోయానన్నాడు.

నెల తిరక్కుండానే పోయాడు. ఆస్పత్రిలో ఊపిరాడని స్థితిలో అక్క చెయ్యి పట్టుకుని, తప్పు తనదేననీ, బావ ఎంత పిలిచినా తను రాలేదనీ చెప్పాడు. నేను మంచం పక్కనే నిలబడి విన్నాను. కాదు, పిలవలేదు అని ఒక్క ముక్క అనలేకపోయాను. ఆ అబద్ధాన్నే, వాడు నాకోసం అన్న "ఉండాడు"ను, చాటు చేసుకుని ఇన్నేళ్ళు బతికాను. షాపులో అందరికీ తెలుసు, ఒక్కరూ మా ఆవిడతో అనలేదు. పిరికిపంద బతుకు నాది. ఇప్పటికీ బ్యాంకులోనో ఆస్పత్రిలోనో పద్ధెనిమిదో టోకెను పిలిస్తే, వెనక తలుపు దగ్గర ఎవరో దగ్గినట్టే ఉంటుంది.

మొన్న దొడ్డబెట్ట మీద కార్లు, మొక్కజొన్న కంకుల బండ్లు, ఫోటోల గోల. సందడి చూసి, ఆ పాత కొండ ఇది కాదులే అని గుండె కాస్త కుదుటపడేలోగా మంచు దిగింది, అదే మంచు. ఎవురుండాడు అని ఆవిడ మళ్ళీ అడిగింది. నిలబడ్డచోటే అంతా చెప్పేశాను. ఆవిడ కొండ అంచునున్న కమ్మీల వైపు నడిచి మంచులో కలిసిపోయింది. వెంట పోయే ధైర్యం లేక నేను వచ్చి బస్సులో కూచున్నాను. ఆ అమ్మాయి ఆవిడ పేరు పిలిచింది. ఉండాదమ్మా అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చేసింది. నాలుక కరుచుకుని, బస్సు దిగి, తడుముకుంటూ పోయి ఆవిణ్ణి వెతికి తీసుకొచ్చాను. చెయ్యి అందించబోతే అందుకోలేదు.

ఈ కాలంలో మా మనవడి ఆఫీసులో వేలిముద్ర వేస్తే గానీ హాజరు పడదట, కొండ మీద ఎవడెక్కడున్నాడో ఫోనే చెప్తుందట. మంచిదే, మా బామ్మర్ది రోజుల్లో ఉంటే ఇంకా బాగుండేది. అయినా, మనం ఇంకా దారిలో ఉండగానే మన తరఫున గొంతెత్తే మనిషి ఎవరికీ అక్కర్లేకపోయాడే అని మనసు ఉసూరుమంటుంది. ఆ మాట చేసిన కీడు నాకంటే తెలిసినవాడు లేడు, అయినా సరే.

ఆదివారం తిరుగు ప్రయాణం. లాడ్జి ముందు మళ్ళీ పేర్లు పిలిచింది ఆ అమ్మాయి. ముందురోజు సాయంత్రం నుంచీ మా ఆవిడ నాతో మాట్లాడలేదు, ఇద్దరి మధ్యా సంచీ పెట్టుకుని కూచుంది. నా పేరు వచ్చింది. నేను ఆ సంచీనే చూస్తూ ఉండిపోయాను. రెండోసారి పిలిచింది. కిటికీలోంచి కొండనే చూస్తూ, తల తిప్పకుండా, మా ఆవిడ చెప్పింది.

"ఉండాడు."

బస్సు కదిలింది.