జింకల్ని కాల్చొద్దన్నది మా ఆవిడ కాదు

మా తెలుగువాళ్లు ఎక్కడ కలిసినా మా ఇంటి జింకల కథ ఒకసారైనా వస్తుంది. కరోనా రోజుల్లో వేటగాడి తుపాకీ నుంచి వాటిని కాపాడింది మా ఆవిడేనని చెప్పుకుంటారు. మొన్న ఒకరింట్లో పూజ భోజనాల దగ్గర ఒక పెద్దావిడ ఆమె చెయ్యి పట్టుకుని, "మూగజీవాల్ని కాపాడావు తల్లీ, ఆ పుణ్యం ఊరికే పోదు" అంది. మా ఆవిడ నవ్వి ఊరుకుంది. ఒక్కసారి నావైపు చూసింది. నేను పప్పన్నం కలుపుకుంటూ తల వంచుకున్నాను. ఆ కథలో నిజం లేదు. పుట్టించింది నేనే కాబట్టి సరిచేయాల్సిందీ నేనే.

ఐర్లండ్‌లో నేస్ అనే ఊరు దాటాక కొండల వైపు వెళ్లే దారిలో మా ఇల్లు. వెనక చిన్న పొలం కూడా ఉంది. దాంట్లో ఏమీ వేయలేదు. గడ్డి, ముళ్లపొదలు, అంతే. ఒక పక్క అడవి, ఇంకో పక్క గొర్రెలు పెంచే రైతు పచ్చిక. మొదటి లాక్‌డౌన్‌లో, మా ఆవిడ డబ్లిన్‌లోని బోమాంట్ ఆసుపత్రిలో డాక్టరని తెలిసి, ఆ రైతు దంపతులు వారం వారం మా గేటు స్తంభం మీద గుడ్ల పెట్టె ఉంచి వెళ్లేవాళ్లు. ఆమె డ్యూటీ నుంచి వస్తూ కారు ఆపి దాన్ని తీసుకునేది. ఆ రోజుల్లో ఆమె నవ్వుతూ ఇంట్లోకి వచ్చింది ఆ పెట్టె చేతిలో ఉన్నప్పుడే.

అంతకుముందు ప్రతి చలికాలం డబ్లిన్ నుంచి వేటగాళ్లు ఆ కొండలకు వచ్చేవారు. కరోనా వల్ల ఇంటి నుంచి ఐదు కిలోమీటర్లు దాటి వెళ్లకూడదన్నాక ఎవరూ రాలేదు. దగ్గర్లో లైసెన్సు ఉన్నవాడు ట్రాక్టర్లు బాగుచేసే మెకానిక్ ఒక్కడే. ఇక్కడ పొలం యజమాని అనుమతి లేకుండా తుపాకీతో అడుగు పెట్టకూడదు. అతనికి అనుమతి ఉన్నది ఆ రైతు పొలంలో మాత్రమే. అక్కడ నాలుగు తూటాలు పేలేసరికి జింకలకు సంగతి తెలిసిపోయింది. పగలంతా మా ముళ్లపొదల్లో పడుకునేవి. పొద్దుగూకాక కంచె దాటి రైతు పచ్చిక మేసి వచ్చేవి. చీకట్లో కాల్చడానికి చట్టం ఒప్పుకోదు. నేను మాత్రం కిటికీ పక్కన లాప్‌టాప్ పెట్టుకుని, మీటింగుల మధ్య వాటిని చూస్తూ, మమ్మల్ని నమ్మి వచ్చాయనుకునేవాణ్ణి. వీడియోలు తీసి అందరికీ పంపేవాణ్ణి.

జనవరిలో రైతు కంచె దగ్గరికి వచ్చి, ఎడంగా నిలబడి అడిగాడు. ఆ పచ్చిక ఈనబోయే గొర్రెల కోసం దాచుకున్నది. అది పోతే తల్లులకు పాలు పడవు. ఆడజింకల్ని కాల్చే గడువు ఫిబ్రవరితో అయిపోతుంది. పగటిపూట మెకానిక్‌ను మా పొలంలోకి రానిస్తే చాలన్నాడు. నాకు ఇష్టం లేదు. ఇరుగుపొరుగు మొహం మీద కుదరదని చెప్పే అలవాటూ లేదు. మన మగవాళ్ల దగ్గర ఇలాంటప్పుడు సిద్ధంగా ఉండే సాకు ఒకటుంది. మా ఆవిడను అడిగి చెబుతానన్నాను. రెండోసారి వచ్చినప్పుడు, ఆమె ఒప్పుకోవడం లేదన్నాను. అప్పుడామె ఆసుపత్రిలో ఉంది. నేను అసలు అడగనే లేదు.

"గ్రాండ్," అని వెనక్కి తిరిగాడు రైతు. ఇక్కడ సరే అనడానికి ఆ మాటే వాడతారు.

ఆ వారం నుంచి గుడ్లు రాలేదు.

కొన్నాళ్లు చూసి మా ఆవిడ, "కోవిడ్ వార్డు నుంచి వచ్చేదాన్ని కదా, వాళ్లకి భయం పట్టుకున్నట్టుంది" అంది. గేటు దగ్గర కారు ఆపడం మానేసింది. రైతు భార్య దారిలో ఎదురైతే తనే పక్కకు తప్పుకునేది. నేను ఆమెను ఓదార్చాను. స్నేహితులు ఫోన్లో వేట గురించి అడిగితే వాళ్లకూ అదే సాకు చెప్పాను. అలా పాకింది కథ.

మార్చిలో ఒక సెలవు రోజు, రైతు భార్య ఒక గొర్రెపిల్లకు సీసాతో పాలు పట్టడం చూసి, మా ఆవిడ ఉండబట్టలేక కంచె దాకా వెళ్లింది. తను టీకా వేయించుకున్నానని, భయం లేదని చెప్పిందట. రైతు భార్య అయోమయంగా చూసి, కోవిడ్ సంగతి కాదని, మొత్తం చెప్పింది.

మా ఆవిడ ఇంట్లోకి వచ్చి బూట్లు విప్పుతూ అడిగింది.

"నన్ను ఎప్పుడు అడిగినారు మీరు?"

నేను లాప్‌టాప్ మూసేశాను.

"శెనక్కాయ చేనంతా జింకలు మేసిపోతే, మళ్లీ విత్తనం కొనలేక మా నాయిన ఆ యేడు బీడు పెట్టినాడు. ఆ ఇంట్లో పుట్టి నేను వద్దంటానా?"

ఆమెది కర్నూలు వైపు. ఆ చేను సంగతి పెళ్లయిన కొత్తలోనే చెప్పింది. నేను మరిచిపోలేదు. అడిగితే ఒప్పుకుంటుందని తెలిసే అడగలేదు.

"జింకల సంగతి అట్లుండనీండి. నన్ను చూసి జనం జడుసుకుంటున్నారని ఇన్నాళ్లూ కుమిలిపోతా ఉంటే, పక్కనే కూర్చొని చూసినారు."

ఆ సాయంత్రం వెళ్లి రైతుకు నిజం చెప్పాను. జింకలు మొదలంటా మేసేసిన పచ్చికను చూపించి, ఇక నవంబరు దాకా చేసేదేమీ లేదన్నాడాయన. నవంబరులో వేట అనుమతి కాగితం మీద సంతకం పెట్టాను. మీటింగులో ఉండగా తుపాకీ మోత విన్నాను. బయటి వేటగాళ్లూ మళ్లీ రావడంతో జింకలు కొండల్లోకి చెదిరిపోయాయి. గుడ్ల పెట్టె గేటు మీదికి తిరిగి వచ్చింది. నేను తీసుకురాబోతే, మా ఆవిడ తనే తెచ్చుకుంటానంది.

మా తెలుగువాళ్లకు మాత్రం నిజం చెప్పలేదు. మొన్న పూజ నుంచి తిరిగి వస్తూ కార్లో మా ఆవిడ అంది: "ఆ పుణ్యం ఇంకా ఎన్నాళ్లు మోయాలి నేను?"

మర్నాడు ఆ పెద్దావిడకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఆమె అడిగింది:

"మరి ఇన్నేళ్లూ ఆ పిల్ల ఎందుకు ఊరుకుందయ్యా?"

మా ఆవిడనే అడగమన్నాను. మళ్లీ ఆమె తరఫున నేను జవాబు చెప్పదలచుకోలేదు.