మొదటి మాట పెదనాన్నకు వచ్చిన ఏడాది

మా చిన్నప్పుడు... గుడ్ ఫ్రైడేకి రెండు వారాల ముందు ఒక ఆదివారం చర్చిలో కానుకల సంచి రెండుసార్లు తిరిగింది. రెండోసారి అందులో వేసేదేమీ లేదు, చీటీ తీసుకోవాలి. యేసు సిలువ మీద పలికిన మాటలు ఏడు కదా, ఏడు చీటీల మీద అవి, మిగతావి ఖాళీ... ఎవరికి ఏ మాట వస్తే దాని మీద వాళ్ళు శుక్రవారం మధ్యాహ్నం నిలబడి పది నిమిషాలు మాట్లాడాలి.

ఈ చీటీల పద్ధతి కొత్తగా వచ్చిన పాస్టరు అయ్యగారు పెట్టింది. పాత అయ్యగారైతే ఊళ్ళో ఎవరికి ఎవరితో పడదో చూసుకుని మాటలు పంచేవారు. కొత్తాయనకు ఆ సంగతులేవీ తెలియవు.

మాది నందిగామ అవతల, చందర్లపాడు వైపు పల్లె. నాకప్పుడు పదేళ్ళు. అనుమానం మాత్రం అరవయ్యేళ్ళ ముసలమ్మకున్నంత. ఉపవాసం రోజు అయ్యగారి వంటింట్లోంచి పొగ వస్తే ఆగి వాసన చూసేదాన్ని. సమాధి ఖాళీగా ఉందని సండే స్కూలు టీచరమ్మ చెబితే, ఎవరైనా ఎత్తుకుపోయారేమో అని అడిగి తొడపాశం పెట్టించుకున్నాను.

అన్నిటికన్నా పెద్ద అనుమానం మా పెదనాన్న మీద.

నాకు ఆరేళ్ళప్పుడు మా నాన్నను పత్తి చేలో పాము కరిచింది... మిట్టమధ్యాహ్నం. ఊళ్ళో ట్రాక్టరున్నది పెదనాన్నకొక్కడికే. గట్టు తగాదాతో అన్నదమ్ములకు అప్పటికే మాటల్లేవు. అమ్మ పరుగెత్తుకెళ్ళి బతిమాలితే డీజిల్ లేదన్నాడు. ఎవరో నాన్నను సైకిలు మీద రోడ్డు దాకా తీసుకెళ్ళారు. బస్సు కోసం నిలబడి, నిలబడి... నందిగామ ఆసుపత్రి గేటు దగ్గరికి చేరేసరికే అంతా అయిపోయింది.

నిజంగా డీజిల్ లేదా? నాలుగేళ్ళు ఈ ఒక్క ప్రశ్న నా బుర్రను తొలిచేసింది. అమ్మనడిగితే నోరు మూసుకుని అన్నం తినమనేది. పెదనాన్న ఎదురైతే పక్కకు తప్పుకునేదే తప్ప ఒక్క మాట అనేది కాదు. అమ్మ ఎందుకు అడగదో... నాకు అదీ అనుమానమే.

ఇక ఆ ఆదివారం పెదనాన్న సంచిలో చెయ్యి పెట్టి చీటీ తీశాడు. మొదటి మాట. తనకు మేకులు కొట్టినవాళ్ళను క్షమించమని యేసు తండ్రిని అడిగిన మాట... చర్చిలో అందరూ తలలు దించేసుకున్నారు. అయ్యగారు మాత్రం నవ్వుతూ, దేవుడు మీకు మంచి మాట ఇచ్చాడండీ అన్నారు. అమ్మకు ఐదోది వచ్చింది, దాహం మాట.

ఆ రెండు వారాలూ చీటీ మార్చుకోవడానికి పెదనాన్న తిరగని ఇల్లు లేదు. టీచరమ్మనూ అడిగాడు, ఆవిడ కుదరదంది. నాకివన్నీ ఎలా తెలుసంటారా... వెనకాలే వెళ్ళి చూశాను కాబట్టి. జ్వరమని చెప్పి శుక్రవారం ఎగ్గొడతాడని నా లెక్క.

వచ్చాడు. తెల్ల పంచె, మాసిన గడ్డం. కరెంటు పోయి ఆడవాళ్ళందరూ విసనకర్రలతో విసురుకుంటున్నారు. పెదనాన్న చేతిలో బైబిలు ఉంది కానీ తెరవలేదు.

"ఆ రోజు ట్రాక్టర్లో డీజిల్ ఉంది" అన్నాడు. "తమ్ముడి మీద కోపంతో లేదని చెప్పా. ప్రాణం మీదికొస్తదనుకోలా. ఈ మాట మీద చెప్పటానికి నాకు నోరు లేదండి."

విసనకర్రలు ఆగిపోయాయి. నాకు కోపం, ఏడుపు కలిసి వచ్చాయి. నా అనుమానమే నిజమైనందుకు లోపల కాస్త సంతోషం కూడా వేసింది... ఇప్పుడు చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది. అమ్మ వైపు చూస్తే కొంగు సర్దుకుంటోంది, అంతే. తన వంతు రాగానే లేచి దాహం గురించి అనుకున్న నాలుగు ముక్కలూ చెప్పి కూర్చుంది.

ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటలో ఆరాధన. పొద్దు పొడిచాక అందరూ చేతులు కలుపుతూ క్రీస్తు లేచాడని ఒకరికొకరు చెప్పుకునేవాళ్ళు. ఆ రోజు పెదనాన్న దగ్గరికి ఎవరూ వెళ్ళలేదు. ఆయన దూరంగా, కంప పక్కన ఒక్కడే నిలబడ్డాడు. అమ్మ నా చెయ్యి పట్టుకుని అటు నడిచింది.

"క్రీస్తు లేచాడు బావగారూ" అంది.

నాలుగేళ్ళలో ఆయనతో అన్న మొదటి మాట అది. ఆయన రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

ఇంటికి వస్తూ నేను ఊరుకుంటానా... ఇదంతా నాటకమేమో, డీజిల్ సంగతి ఎవరో చూసుంటారు, బయటపడుతుందని ముందే ఒప్పుకున్నాడేమో అన్నాను. అమ్మ ఆగింది.

"ఎవరూ చూళ్ళేదే. మర్నాడు మీ నాన్న పెట్టెను ఇక్కడికి తెచ్చింది ఆ ట్రాక్టరు మీదే. నువ్వూ ఎక్కావు. ముందు రాత్రి నుంచీ గుమ్మంలోనే కూర్చుని వాళ్ళ వాకిట్లో ఉన్న ట్రాక్టరునే చూస్తన్నా, దాన్లో ఎవరూ చుక్క డీజిల్ పొయ్యలా. నాకు ఆ రోజే తెలుసు."

మరి ఎందుకు అడగలేదన్నాను.

"నేనడిగితే ఇంకో అబద్ధం చెప్పేవోడు. తనంతట తనే చెప్పాలని ఊరుకున్నా."

సిలువ గురించీ పునరుత్థానం గురించీ తర్వాత చాలా ప్రసంగాలు విన్నాను. మా నాన్న లేచి రాలేదు, ఆ సంగతి నాకు తెలుసు. కానీ ఆ ఈస్టరు తర్వాత అమ్మ మళ్ళీ పెదనాన్న వాకిలి ముందు నుంచే బావికి వెళ్ళింది. అంతకుముందు నాలుగేళ్ళూ నిండు బిందెతో ఊరు చుట్టూ తిరిగి వచ్చేది. లేవడమంటే నాకు ఇప్పటికీ అదే గుర్తొస్తుంది.

ఇప్పుడు నేనుండేది జగ్గయ్యపేటలో. గుడ్ ఫ్రైడేకి ఏడుగురూ బయట ఊళ్ళ నుంచి కార్లలో వస్తారు, ఫ్లెక్సీల మీద వాళ్ళ ఫోటోలుంటాయి. బాగా మాట్లాడతారు... మనకు వాళ్ళెవరి గురించీ ఏమీ తెలియదు, వాళ్ళకు మన గురించీ తెలియదు. మీ చర్చిలో ఇంకా ఊరివాళ్ళే నిలబడి మాట్లాడతారా? అన్నీ తెలిసి కూడా అడగకుండా ఊరుకున్న మనిషి మీ ఇంట్లోనూ ఉన్నారా? ఉంటే రాయండి, చదువుతాను.

క్షమించడానికి అమ్మకు నాలుగేళ్ళు పట్టింది. నాకు ఇరవై పట్టింది... అప్పటికి పెదనాన్న లేడు.