అరసోలలో పట్టని పది కంప్యూటర్లు

అది 2019 ఎండాకాలం. తెలంగాణ వచ్చి ఐదేళ్ళు కావస్తోంది. చిట్యాల దగ్గర హైవే పక్కన మాదొక చిన్న కేబుల్ ఆఫీసు. మొదట్లో టీవీ కేబుల్ ఒక్కటే ఉండేది. తర్వాత అదే స్తంభాల మీద ఇంటర్నెట్ వైరు కూడా లాగాం. మా ఆయన పోయాక ఆఫీసు నేనే నడుపుతున్నాను. నా చదువు ఐదో తరగతితో ఆగింది. స్తంభం ఎక్కడం, వైరు బిగించడం మా సైదులు పని. డిష్ గొడుగుల కాలం నుంచీ నా దగ్గరే ఉన్నాడు. యాభై దాటినవాడైనా నన్ను అక్కా అంటాడు, నా మాటకు భయపడతాడు. భయపడాలి కూడా. మీటరు వైరు పారేసినా ఊరుకునే మనిషిని కాను నేను.

ఐదో తరగతి ఆవిడకు కంప్యూటర్ నంబర్ల లెక్క ఎలా తెలిసిందని ఇప్పటికీ అడుగుతుంటారు. కిరాయి కట్టడం వల్ల తెలిసింది. నెట్‌వర్కులో ప్రతి కంప్యూటర్‌కూ ఇంటి నంబరు లాంటిది ఒకటి ఉంటుంది. దాన్ని ఐపీ అడ్రస్ అంటారు. పట్నంలోని ఒక కంపెనీ దగ్గర అలాంటివి పదహారు కిరాయికి తీసుకున్నాం. వాడబోతే పద్నాలుగే పనికొచ్చాయి. ఫోన్ చేసి కంపెనీ మనిషిని నిలదీశాను.

"పదహారుకు కిరాయి తీస్కుంట పద్నాలుగిస్తవా? రెండు నువ్వు మింగినవా?"

"మింగలేదమ్మా. మొదటి నంబరు ఆ గుంపుకే పేరు. ఆఖరు నంబరు గుంపులున్నోళ్ళందరినీ ఒక్కపారే పిలిచేటిది, డప్పు సాటింపు లెక్క. ఆ రెండూ ఎవ్వరికీ ఇయ్యరాదు."

"గట్ల చెప్పు. తరుగన్నమాట."

తరుగు, అంటే కొలతలో పోయేది, నాకు తెలియనిది కాదు. మా అత్త సంతలో జొన్నలు, కందులు కొలిచి అమ్మేది. కాపురానికి వచ్చిన కొత్తలో ఆ కొలత పాత్రలు తోమింది నేనే. మానికలో సగం తవ్వ. తవ్వలో సగం సోల. సోలలో సగం అరసోల. అరసోలలో సగం గిద్ద. నడుమ ఇంకో పాత్ర ఉండదు. సోలకు ఎక్కువ, తవ్వకు తక్కువ కావాలంటే తవ్వే తీయాలి.

కంప్యూటర్ నంబర్ల పంపకమూ అచ్చం ఇంతే. ఐపీ అడ్రస్‌లో నాలుగు అంకెలుంటాయి, నడుమ చుక్కలతో. చిన్న ఆఫీసుల్లో మొదటి మూడూ అందరికీ ఒకటే. చివరిదే మారుతుంది, సున్నా నుంచి రెండు వందల యాభై ఐదు దాకా. మొత్తం రెండు వందల యాభై ఆరు. అది నిండు మానిక అనుకోండి. సగం చేస్తే నూట ఇరవై ఎనిమిది, తవ్వ. మళ్ళీ సగం అరవై నాలుగు, సోల. ఆ తర్వాత ముప్పై రెండు, అరసోల. పదహారు, గిద్ద. ఇలా పంచడాన్నే సబ్‌నెట్టింగ్ అంటారు. ఏ పాత్రతో కొలిచారో చెప్పే గుర్తు సబ్‌నెట్ మాస్కు. 255.255.255.224 అని రాసి ఉంటే భయపడనక్కర్లేదు. చివరి అంకెను, అంటే 224ను, రెండు వందల యాభై ఆరులోంచి తీసేయండి. ముప్పై రెండు మిగులుతుంది. అంటే అరసోల. 192 ఉంటే అరవై నాలుగు, సోల. దీన్నే పొట్టిగా గీత గీసి /24, /25 అని కూడా రాస్తారు. /24 నిండు మానిక, /25 తవ్వ, /26 సోల, /27 అరసోల. అంకె పెరిగిన కొద్దీ పాత్ర చిన్నదవుతుంది. దీనికి అలవాటు పడటానికి నాకు వారం పట్టింది.

ఇక అసలు సంగతి. మా దగ్గర ఇంటర్నెట్ తీసుకున్న ఆడపిల్లల కాలేజీ ఒకటుంది. అక్కడ కంప్యూటర్ పాఠాలు చెప్పే సునీత మేడం ఒకరోజు పొద్దున పదకొండింటికి ఫోన్ చేసింది.

"అమ్మా, ఆన్‌లైన్ ఎంట్రన్స్ పరీక్షకు మా కాలేజీని సెంటరు చేస్తమన్నరు. నాలుగింటికి చూడనీకి వస్తున్నరు. ముప్పై ఆరు కంప్యూటర్లు ఒక్కసారి నడవాలె. ఇరవై ఎనిమిదే నడుస్తున్నయ్. కొత్తయి పది తెచ్చినం, ఒక్కటి పలుకుత లేదు."

సెంటరు రాకపోతే ఏమవుతుందో ఆమె చెప్పనక్కర్లేదు. పరీక్ష హైదరాబాద్‌లో పడుతుంది. పొద్దున ఏడింటికల్లా అక్కడుండాలంటే ముందురోజే బయలుదేరాలి. తండాల నుంచి వచ్చే పిల్లలను అలా పంపేవాళ్ళు తక్కువ. అంతకుముందు ఏడు హాల్‌టికెట్ చేతిలో ఉండి కూడా ఇంట్లో కూర్చున్న పిల్లలున్నారు. ఈ సెంటరు కోసం సునీత మేడం ఏడాదంతా తిరిగింది.

సైదులు బండి మీద వెళ్ళాం. లాబ్‌లో అప్పటికే ఎవరికి తోచింది వాళ్ళు చేసి పెట్టారు. వైర్లు మార్చారు, స్విచ్చు మార్చారు. స్విచ్చంటే కంప్యూటర్ల వైర్లన్నీ వచ్చి కలిసే డబ్బా. ప్రిన్సిపాల్ సారు రుమాలుతో మెడ తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"ఆ దుకాణపోడు పాతయి తెచ్చి అంటగట్టిండు. వాపస్ పంపిస్త."

"వాపస్ తర్వాత పంపుదురుగని సార్," అన్నాను. "మేడం, నడిచేటి వాటి నంబర్లేంటియి, నడవనివేంటియి?"

ప్రతి కంప్యూటర్ మీదా దాని చివరి అంకె చీటీ రాసి అంటించి ఉంది. ఒకటి రౌటర్‌ది, అంటే నెట్టు బయటకు పోయే గుమ్మం. రెండు సర్వర్‌ది, పరీక్ష పేపరు ఉండే పెద్ద కంప్యూటర్. మూడు నుంచి ముప్పై దాకా పాత కంప్యూటర్లు.

"ముప్పై దాంక మంచిగ నడుస్తున్నయమ్మా. ముప్పై ఒకటి కాడికెల్లే తకలీఫ్."

నేను సైదులు ముఖం చూశాను. సైదులు నేల చూపులు చూశాడు. ఇద్దరికీ ఒక్కసారే గుర్తొచ్చింది.

మూడేళ్ళ కిందట ఈ లాబ్‌కు వైర్లు వేసింది మేమే. ఆ రోజు సైదులు సోల ఇద్దామన్నాడు, అరవై నాలుగు నంబర్లు. "ఎన్ని కంప్యూటర్లు?" అని అడిగాను. ఇరవై ఎనిమిది అన్నాడు. "ఇరవై ఎనిమిదికి అరవై నాలుగెందుకురా, నీ అయ్య సొమ్మా? అరసోల చాలు" అన్నాను. ముప్పై రెండులో తరుగు రెండు పోతే ముప్పై. రౌటర్, సర్వర్, ఇరవై ఎనిమిది కంప్యూటర్లు. సరిగ్గా అంచు దాకా నిండింది. ఆ రోజు నా లెక్కకు నేనే మురిసిపోయాను. పక్కనున్న అరసోల, అంటే ముప్పై రెండు నుంచి అరవై మూడు దాకా, కాలేజీ ఆఫీసుకు ఇచ్చాం.

"మేడం, కంప్యూటర్లు కొత్తయే. తప్పు నాది," అన్నాను. "నేను అరసోల ఇచ్చిన. మీరు ముప్పైకి మీద పోస్తున్నరు."

"కానీ అమ్మా, పట్నంల మా ఫ్రెండును అడిగితే మాస్కు 192 చెయ్యుమన్నడు. పదింటికీ చేసిన. అయినా పలుకుత లేవు."

"సర్వర్‌కు చేసినవా?"

"లేదు. అది నడుస్తనే ఉంది గదా."

అక్కడే ఉంది చిక్కు. మాస్కును బట్టే కంప్యూటర్ తనవాళ్ళెవరో, పరాయివాళ్ళెవరో పోల్చుకుంటుంది. కొత్త పదీ సర్వర్‌ను మావాడే అనుకుని నేరుగా పిలుస్తున్నాయి. సర్వర్ మాత్రం పాత మాస్కు పట్టుకుని, ముప్పై ఒకటిని డప్పు సాటింపు అనుకుంటోంది, ఆపై నంబర్లు నావాళ్ళు కావంటోంది. వాటికి జవాబు నేరుగా ఇవ్వకుండా రౌటర్‌కు ఇస్తోంది. రౌటర్ దాన్ని ఆఫీసు వైపు పంపిస్తోంది.

సైదులు ఒక్క మాటలో తేల్చాడు. "పిల్లవైపోళ్ళు వియ్యమన్నరు, పిల్లగానివైపోళ్ళు మీరెవలన్నరు."

సునీత మేడం అంత దిగులులోనూ నవ్వింది. చుట్టరికమైనా మాస్కైనా రెండు వైపులా ఒకటే ఉండాలి.

దారి ఒక్కటే ఉంది. పరీక్ష కంప్యూటర్లన్నీ సర్వర్ ఉన్న పాత్రలోనే ఉండాలన్నది పరీక్షవాళ్ళ షరతు, అందుకని లాబ్‌కు సోల ఇవ్వాలి. సర్వర్ మాస్కు మార్చవచ్చు గానీ నంబరు మార్చడానికి లేదు, పరీక్ష పెట్టేవాళ్ళు ముందే వచ్చి దాన్ని కట్టుదిట్టం చేసి పోయారు. కాబట్టి సున్నా నుంచి అరవై మూడు దాకా మొత్తం లాబ్‌కే కావాలి. అందులో వెనక సగంలో ఆఫీసు కూర్చుని ఉంది.

"సార్, ఆఫీసు జాగా ఖాళీ చెయ్యాలె," అన్నాను.

ప్రిన్సిపాల్ సారు ఎగిరిపడ్డాడు. "అడ్మిషన్లు నడుస్తున్నయమ్మా! ప్రింటర్లు, ఫీజుల కంప్యూటర్లు అన్నీ కుదురుగ ఉన్నయ్. ఆఫీసు తర్వాత నంబర్లన్నీ ఖాళీయే గదా, ఆ పదింటిని గక్కడ పెట్టు. నన్నెందుకు కదిలిస్తవ్?"

నోటితో చెబితే వినేలా లేడు. బల్ల మీదున్న పేపరు తీసి సగానికి మడిచాను. మళ్ళీ సగానికి, మళ్ళీ సగానికి, ఒకే వైపుగా. విప్పితే వరసగా ఎనిమిది గళ్ళు.

"ఇది మొత్తం మానిక. ఒక్కో గడి అరసోల. మొదటిది లాబ్. రెండోది మీ ఆఫీసు. మూడోది ఖాళీ. ఇప్పుడు మొదటిదాన్నీ మూడోదాన్నీ కలిపి ఒక్కటి చేసి చూపియ్యున్రి, మీ ఆఫీసును ముట్టకుండ."

సారు పేపరును అటూ ఇటూ తిప్పాడు.

"కాదు సార్. మొదటిదానికి జోడు రెండోదే. మూడోది గూడ కావాల్నంటె నాలుగు గళ్ళు ఒక్కటి చెయ్యాలె. అప్పుడు గూడ మీరు దాంట్లనే పడ్తరు."

"అయితే నేను లేవాల్సిందేనా?"

"పదకొండు కంప్యూటర్లు, రెండు ప్రింటర్లు. మీరు కుర్చీల కెల్లి లేవనక్కర్లే, నంబర్లు లేస్తయ్. ఒక్కోదానికి ముప్పై రెండు కలుపుడే. పాత్ర అదే, మాస్కు అదే. రెండు గంటలు ఫీజులు ఆగుతయ్. సెంటరు పోతే పిల్లల ఏడాది ఆగుతది."

సారు గోడ గడియారం వైపు చూశాడు. ఒంటిగంట కావస్తోంది. "కానియ్యున్రి," అని తన కంప్యూటర్ ముందు నుంచి తానే లేచాడు.

ముందు ఆఫీసును మూడో గడిలోకి జరిపాం. తర్వాత రౌటర్, సర్వర్ మాస్కులు మార్చాం. సర్వర్‌కు 192 పెట్టి సునీత మేడం ముప్పై ఒకటో నంబరు కంప్యూటర్ నుంచి పింగ్ చేసింది. పింగ్ అంటే ఉన్నావా అని పలకరించడం. వరసగా నాలుగు జవాబులు వచ్చాయి. ఆమె రెండు చేతులతో నోరు మూసుకుంది.

సైదులు సంచి సర్దబోయాడు. "అయిపాయె అక్కా. పాతయి ఎట్లనూ నడుస్తున్నయ్."

"నడుస్తె సరిపోతదా? ఇరవై ఎనిమిదింటికీ ఇంక పాత మాస్కే ఉంది. సర్వర్‌ను చూస్తయ్, కొత్తవాటిని చూడయ్. ఇంట్ల సగం మందికి సగం మంది కానొళ్ళు. ఒక్కొక్కటి మార్చు."

"నీతోని కష్టం అక్కా."

"నాతోని కష్టమే. ఊఁ, మూడో నంబరు."

అతను మారుస్తూ పోయాడు, నేను కాగితం మీద టిక్కు పెడుతూ పోయాను. కొత్త పదీ కలిపి మూడున్నరకు ముప్పై ఎనిమిదో టిక్కు పడింది. నాలుగింటికి ఇద్దరు మనుషులు వచ్చారు. అన్నింటినీ ఒకేసారి నడిపించి చూశారు. వాళ్ళలో పెద్దాయన ఆఖరి వరసలో నిలబడి, "నెట్‌వర్క్ ఎవరు చేసిన్రు?" అని అడిగాడు. ప్రిన్సిపాల్ సారు నన్ను చూపించాడు. ఆ పెద్దాయన నా నేత చీరనూ, చేతిలోని కాగితాన్నీ చూసి, "ఏం చదివినవమ్మా?" అన్నాడు.

"ఐదు. ఇది గూడ ఐదో తరగతి లెక్కనే, సగం చేసుడు, మళ్ళ సగం చేసుడు," అన్నాను.

ఆ ఏడు పరీక్ష అక్కడే జరిగింది. ముప్పై ఒకటో కంప్యూటర్ ముందు కూర్చున్న పిల్ల ఎవరో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. ఆ కుర్చీ ఖాళీగా లేదు, అది చాలు.

నా తప్పు ఎక్కడుందో ఇంటికి వచ్చాక తెలిసింది. కిరాయి నంబర్ల దగ్గర పిసినారితనం సరే. కానీ కాలేజీ లోపల వాడుకునే నంబర్లకు ఎవరికీ కిరాయి కట్టేది లేదు. వాటిని ఎంత పెద్ద పాత్రతో ఇచ్చినా పైసా ఖర్చు కాదు. ఊరికే వచ్చేదాన్ని నేను తలగొట్టి కొలిచాను.

మా అత్త అమ్మేటప్పుడు సోల మీద చెయ్యి వేసి గీసి, తలగొట్టి కొలిచేది. బాలింత ఉన్న ఇంటికీ, పిల్లలున్న ఇంటికీ మాత్రం గోపురం నిలిచేలా పోసేది. పెరిగేవాళ్ళకు అంచు దాకా కొలవొద్దు అనేది. గింజలు గోపురంలా నిలుస్తాయి. నంబర్లు నిలవవు. అంచు దాటిన ముప్పై ఒకటోది కింద పడాల్సిందే. అందుకని ఇప్పుడు ఎవరైనా వైర్లు వేయమని వస్తే ఎన్ని కంప్యూటర్లని అడిగి ఊరుకోను. "పిల్లలు పెరుగుతరా?" అని అడుగుతాను. పెరుగుతారంటే సైదులు నా నోటి వంక చూడకుండానే పెద్ద పాత్ర తీస్తాడు.