రొయ్యకు బొద్దింక ఏమవుతుంది

పెళ్లయ్యాక మొదటిసారి సముద్రం ఒడ్డునున్న పూడిమడకలో అత్తగారింట భోజనానికి కూర్చున్నాను. మాది నాతవరం వైపు, చెరకూ వరీ పండించే ఇల్లు. అంతకుముందు రొయ్యలు తిన్నది తక్కువే. అత్తగారు వేపుడు వడ్డిస్తూనే ఉన్నారు, నేను లాగిస్తూనే ఉన్నాను. చేయి కడుక్కునేలోపు పెదాలు బూరెల్లా పొంగాయి. ఒళ్లంతా దద్దుర్లు.

"బాబుకి దిష్టి తగిలీసింది!" అంటూ ఆవిడ ఉప్పూ మిరపకాయలూ పట్టుకొచ్చేలోగా నా భార్య నన్ను ఆటో ఎక్కించేసింది. డాక్టరు ఇంజెక్షన్ చేసి, రొయ్యలు మీకు పడవు, ఇక ముట్టుకోవద్దన్నాడు.

మళ్లీ వెళ్లినరోజు వంటిల్లు ఘుమఘుమలాడుతోంది.

"రొయ్యలు పడవన్నారు కదా బాబూ, అందుకే పీతలు తెప్పించేను" అన్నారు అత్తగారు సంబరంగా.

నేను అనకాపల్లిలో డిగ్రీ పిల్లలకు జీవశాస్త్రం చెబుతాను. ఆ వారమే ప్రొటీన్లు ఎలా మారుతూ వచ్చాయన్న పాఠం నడుస్తోంది. పీట లాక్కుని ఆవిడ పక్కనే కూర్చున్నాను.

"పీతా రొయ్యా ఒకే తాత మనవలు అత్తయ్యా. కండ కదలడానికి ఒక ప్రొటీన్ కావాలి. అది ఆ తాత నుంచే వాటికి వచ్చింది. ఎక్కువ మారితే కండ పనిచేయదు, అందుకే కోట్ల ఏళ్లయినా అలాగే ఉండిపోయింది. నాకు పడనిది అదే. బొద్దింకలోనూ దాదాపు అదే ఉంటుంది."

గరిటె ఆగిపోయింది. "రొయ్యకి బొద్దింక సుట్టమా? అయితే ఇన్నాళ్లూ నానేటి తిన్నట్టు?"

వరండాలోంచి మామగారు పగలబడి నవ్వారు. "మీసాలు సూసైనా తెలీలేదేటే నీకు?"

"మరి సేప?" అన్నారు ఆవిడ, ఆయన్ని పట్టించుకోకుండా.

"చేపలోనూ ఉంది. కానీ చేప మనలాగే వెన్నెముక ఉన్నది, మన వైపు చుట్టం. దాని ప్రొటీన్ మనదానికి బాగా దగ్గర. అందుకే నా ఒళ్లు దాన్ని పరాయిదనుకోదు."

ఆవిడ గరిటె పక్కన పెట్టారు. "అంటే సుట్టాన్ని కోసుకు తినీమంటారేటి బాబూ?"

తరగతిలో ఎవరూ అడగని ప్రశ్న. ఆవిడ జవాబు కోసం ఆగలేదు. పక్కింటికెళ్లి వంజరం చేప ముక్కలు తెచ్చి, వేరే గిన్నెలో పులుసు పెట్టారు. నేను నిశ్చింతగా, కడుపారా తిన్నాను.

అత్తగారు పీత కాలు ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఏ సుట్టమైతే నాకేటి, కూర బాగా కుదిరింది" అంటూ కొరికారు.