స్టెంట్ మాత్రకూ గ్యాస్ మాత్రకూ మధ్య మా ఆయన

మదనపల్లె టమాటా మార్కెట్‌లో వేలం పాడటం మా ఆయన రెడ్డెప్ప పని. ఆ ఉదయం పాట మధ్యలో ఆయన గొంతు ఆగిపోయింది. రొమ్ము పట్టుకుని క్రేట్ల మీద బోర్లా పడ్డాడు. నేను వెళ్లేసరికి చొక్కా అంతా ఎర్రగా ఉంది. అది టమాటా రసమని తెలిసేదాకా నాకు ఊపిరాడలేదు.

మదనపల్లె ఆసుపత్రిలో ఈసీజీ చూసి హార్ట్ అటాక్ అన్నారు. మా అన్న కుప్పం పక్కనే గుడుపల్లెలో ఉంటాడు కాబట్టి, అంబులెన్సులో పుంగనూరు మీదుగా కుప్పం తీసుకెళ్లాం. అక్కడ గుండె రక్తనాళంలో స్టెంట్ వేశారు.

"ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ ఒక్కపూట కూడా మానొద్దమ్మా. స్టెంట్‌లో రక్తం గడ్డకట్టకుండా కాపాడేవి ఇవే" అని డాక్టరమ్మ చెప్పింది. నేను తప్పనివ్వలేదు.

కొన్నాళ్లకు ఆయనకు కడుపులో మంట మొదలైంది. పుంగనూరులో పెళ్లికి వెళ్లినప్పుడు మందుల షాపులో అడిగి గ్యాస్ మాత్రలు తెచ్చుకున్నాడు. ఒమెప్రజోల్. మంట తగ్గింది కదా అని రోజూ పరగడుపున వేసుకున్నాడు. స్టెంట్ సంగతి ఆయన చెప్పలేదు, షాపువాళ్లు అడగలేదు.

తర్వాత గుడుపల్లెలో అన్న ఇంట్లో భోజనానికి కూర్చున్నప్పుడు ఆయన పళ్లెం తన్నేసి వెల్లకిలా పడ్డాడు.

"రొమ్ములో గునపం దించుతాండారే!" అని అరుస్తూ గోడకు తల బాదుకున్నాడు. పట్టుకోబోయిన అన్నను ఎగిరి తన్నాడు. కుప్పం క్యాజువాలిటీలో పడుకోబెట్టగానే కళ్లు తేలేశాడు. ఒక డాక్టరు మంచమెక్కి, రెండు చేతులతో రొమ్మును కుమ్మేశాడు. పక్కటెముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది.

"సంపేస్తాండారన్నా!" అని నేను మీద పడబోతే, అన్న నన్ను గోడకు అదిమి పట్టుకున్నాడు. షాక్ ఇచ్చారు. మనిషి మంచం మీద ఎగిరిపడ్డాడు. మళ్లీ ఇచ్చాక మూలిగాడు. 

స్టెంట్ మూసుకుపోయింది. బెలూన్‌తో తెరిచారు. "ఇంకేం మందులు వాడుతున్నాడు?" అని డాక్టరమ్మ అడిగితే గ్యాస్ మాత్రల అట్ట చూపించాను.

"క్లోపిడోగ్రెల్ ఒంట్లో మారితేనే మందుగా పనిచేస్తుంది. ఒమెప్రజోల్ ఆ మార్పుకు అడ్డం పడుతుంది. దీనివల్లే మూసుకుపోయిందని ఖాయంగా చెప్పలేనమ్మా. కానీ ఈ రెండూ కలపకూడదు" అని, కడుపుకు పాంటోప్రజోల్ రాసిచ్చింది.

ఇంటికొచ్చాక ఆయన దాన్ని ముట్టలేదు. "కడుపు మాత్రంటే సావు మాత్రే! మళ్లా యాల ఇస్తాండావు?" అని నీళ్ల చెంబు విసిరాడు. నా కనుబొమ్మ చిట్లి కంట్లోకి రక్తం కారింది.

"నన్ను సంపినా సరే, ఇది మింగు" అన్నాను. మింగలేదు. కుట్లు వేయించుకోవడానికి నేనొక్కదాన్నే వెళ్లాను.

విరేచనం తారులా నల్లగా అవుతున్నా ఆయన నాకు చెప్పలేదు. ఒక ఉదయం బాత్రూం తలుపు తోస్తే గోడల నిండా రక్తం. గడ్డలు గడ్డలుగా కక్కుకుంటూ నా చీర పట్టుకుని, "పోతాండానమ్మే" అన్నాడు. మదనపల్లె ఆసుపత్రిలో రక్తం ఎక్కించి, ఎండోస్కోపీతో పుండుకు క్లిప్పులు వేశారు.

"గడ్డకట్టనీయని మాత్రలు వేసుకునేవాడికి కడుపులో పుండు పడితే రక్తం ఆగదప్పా. కాపలాకే ఆ పాంటోప్రజోల్. కడుపు మాత్రలన్నీ ఒకటి కాదు" అన్నాడు డాక్టరు.

"ఎవురూ సెప్పలేదు సార్" అన్నాడు ఆయన.

"మీ భార్య చెప్పలేదా?"

ఆయన నా కుట్ల వైపు చూసి గోడకు తిరిగి ఏడ్చాడు. నేను ఓదార్చలేదు. ఆ పూట నాకు చేతకాలేదు.

ఇప్పుడు నిమ్మనపల్లె రోడ్డులో ఉదయం నడుస్తాడు. మార్కెట్‌లో వేలం మానేసి తూకం చూస్తున్నాడు. తన మాత్రలు తానే అడిగి వేసుకుంటున్నాడు. ఇంట్లో చెయ్యి లేస్తే అన్న ఇంటికి పోతానని చెప్పాను. మళ్లీ లేవలేదు.

స్టెంట్ ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఒకటే. మందుల షాపులో నొప్పి, మంట సంగతి కంటే ముందు, "నాకు స్టెంట్ ఉండాది, క్లోపిడోగ్రెల్ వాడతాండాను" అని చెప్పండి. డాక్టరును అడగకుండా ఏ మాత్రా కలపొద్దు, ఏ మాత్రా మానొద్దు.